పరుగునకు బలము

2021 సెప్టెంబరు నెలలో హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ క్రీడాప్రాంగణమున 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగినవి. దేశము నలుమూలలనుండి వచ్చిన క్రీడాకారులు ఐదు దినములు ఓరుగల్లునకు అతిథులైరి. ఆ నెల 16వ తేదీన 1500 మీటర్ల పరుగులో పంజాబునకు చెందిన హర్మిలన్ బైన్స్ అను యువతి 4 నిమిషముల 5.39 సెకనులలో గమ్యమును చేరి, సునీతారాణి 2002లో నెలకొల్పిన జాతీయ రికార్డును దాటినది. పందొమ్మిదేండ్లు చెక్కుచెదరక నిలిచిన రికార్డు మన ఊరి బాటమీద చెదరినది. 2024లో దీక్ష అను మఱియొక క్రీడాకారిణి దీనిని కూడ దాటినది. రికార్డుల స్వభావమే అంత.

అటువంటి పరుగును చూచునప్పుడు మన దృష్టి పరుగెత్తువారి పాదములమీదను, వారి పాదరక్షలమీదను, చేత గడియారము పట్టుకొని గట్టుమీద నిలిచిన శిక్షకునిమీదను నిలుచును. ఆ నాలుగు నిమిషముల వెనుక ఎన్ని పూటల భోజనము కలదో లెక్కించువారు అరుదు. పదేండ్లు సాధన చేసిన క్రీడాకారిణి దినమునకు మూడు పూటల చొప్పున పదివేలకు పైగా భోజనములు చేసియుండును. "పందెము నాడు ఏమి తినవలయును?" అని విద్యార్థులు తఱచుగా అడుగుచుందురు. అడుగదగిన ప్రశ్నయే. కాని పందెము నాటి భోజనము ఆ పదివేలలో ఒక్కటి మాత్రమే. తక్కినవి ఎట్లుండెనో అను ప్రశ్న అంతకంటె పెద్దది.

ఆహారమునకును పరుగునకును గల సంబంధమును గ్రహింపవలయునన్న, దేహము శక్తిని ఎట్లు సంపాదించుకొనునో ముందుగా ఎఱుగవలయును. మనము తినిన అన్నము, జొన్నరొట్టె, మక్కగటక, అరటిపండు మొదలగువానిలోని పిండిపదార్థము జీర్ణమై గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో కలియును. అప్పటికి అక్కఱలేని గ్లూకోజును దేహము వృథా చేయదు. దానిని గ్లైకోజెన్ అను రూపమున కాలేయమునందును కండరములందును దాచుకొనును. పంట వచ్చినప్పుడు రైతు ధాన్యమును గాదెలో పోసికొనినట్లే యిది. అయితే యీ గాదె పెద్దది కాదు. పెద్దవారి దేహములో సైతము ఈ నిలువ అంతయు కలిపి సామాన్యముగా అరకిలోకు మించదు. క్రొవ్వు రూపమున దేహము దాచుకొను శక్తి ఇంతకంటె ఎన్నో రెట్లు అధికము. కాని క్రొవ్వు మెల్లగా మండు కట్టె వంటిది. నిదానముగా నడచువానికి అది చాలును. వేగముగా పరుగెత్తువానికి గ్లైకోజెనే ఆధారము.

400 మీటర్ల పరుగులో ఇది మఱింత స్పష్టముగా కనబడును. పరుగు మొదలైన కొన్ని క్షణములకే కండరములు కోరినంత ప్రాణవాయువును గుండెయు ఊపిరితిత్తులును అందింపజాలవు. అప్పుడు కండరములు ప్రాణవాయువు చాలకున్నను గ్లైకోజెన్‌ను విడగొట్టి శక్తిని పొందుచుండును. ఈ మార్గమున శక్తి వడిగా లభించును గాని కండరములు త్వరగా అలసిపోవును. చివరి నూఱు మీటర్లలో తొడలు మండుటయు, కాళ్లు బండలవలె బరువెక్కుటయు మీలో పరుగెత్తినవారందఱకును అనుభవమే. గాదె నిండియున్నవాడు ఆ నూఱు మీటర్లను ఎట్లో దాటును. గాదె వట్టిదైనవాడు శిక్షణ యెంత పొందినను అచ్చటనే వెనుకబడును.

ఇది కేవలము ఊహ కాదు. అమెరికా దేశమున బోస్టన్ నగరములో ఏటేట మారథాన్ అను దూరపు పరుగు జరుగుచుండును. 1924లో అచ్చటి వైద్యులు కొందఱు పరుగు ముగించిన వారి రక్తమును పరీక్షించిరి. పలువురి రక్తములో చక్కెర మిక్కిలి తగ్గియుండెను. అట్టివారు పాలిపోయి, వణకుచు, నిలువలేని స్థితిలో నుండిరి. మఱుసటి యేడు ఆ వైద్యులే పరుగెత్తువారికి ముందుదినమున పిండిపదార్థములు హెచ్చుగా తినుడని చెప్పి, పరుగు నడుమ మిఠాయి బిళ్లలు చప్పరింపుడని ఇచ్చిరి. ఆ యేడు వారు గమ్యమును చేరినప్పుడు ముందటి యేటివలె సొమ్మసిల్లలేదు. తరువాత 1967లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు మఱియొక అడుగు ముందుకు వేసిరి. వారు సూదితో కండరమునుండి అతి చిన్న ముక్కను తీసి అందలి గ్లైకోజెన్‌ను కొలిచిరి. పిండిపదార్థము మిక్కిలి తక్కువగా గల భోజనమును కొన్ని దినములు చేసినవారు పరీక్షకై అమర్చిన సైకిలును గంటసేపైనను త్రొక్కలేకపోయిరి. సామాన్య భోజనము చేసినవారు సుమారు రెండు గంటలు త్రొక్కిరి. పిండిపదార్థము హెచ్చుగా తినినవారు రెండున్నర గంటలకు పైగా త్రొక్కిరి. మనుష్యులు వారే, సైకిలు అదియే. మారినది భోజనము మాత్రమే.

ఈ సంగతి విని పందెమునకు బయలుదేరు ముందు కడుపునిండ అన్నము తినవచ్చునని తలంపకుడు. కడుపులో అరుగవలసిన అన్నము ఉన్నంతసేపు రక్తము అటు మరలుచుండును. కాళ్లకు పోవలసిన రక్తము కడుపునకు పోయినచో కలుగు ఫలము పక్కలో పోటు, వాంతి. గాదెను నింపవలసినది ముందుదినములలో. పందెము నాడు మూడు గంటల ముందుగా తేలికయైన భోజనము చేసిన చాలును.

ఇక మన జిల్లాకే వత్తము. వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలములో కల్లెడ అను గ్రామము కలదు. ఆ గ్రామమున కూలిపనులు చేసికొను కుటుంబములో 2003లో జన్మించిన జీవంజి దీప్తి పేరు నేడు దేశమంతట తెలియును. బుద్ధివికాసమున లోటుగల క్రీడాకారులకై ఏర్పఱచిన టి20 అను తరగతిలో ఆమె 400 మీటర్లు పరుగెత్తును. ఆమె వేగము పాఠశాల ఆటలలోనే బయటపడినది. శిక్షకుడు నాగపురి రమేశ్ ఆమెను హైదరాబాదునకు రప్పించి తీర్చిదిద్దెను. 2023లో చైనా దేశపు హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా పారా క్రీడలలో ఆమె స్వర్ణపతకమును గెలిచెను. 2024 మే నెలలో జపాను దేశపు కోబె నగరమున 55.07 సెకనులలో పరుగు ముగించి, అప్పటి ప్రపంచ రికార్డును నెలకొల్పెను. అదే యేడు సెప్టెంబరు 3వ తేదీన పారిస్ పారాలింపిక్ క్రీడలలో 55.82 సెకనులలో పరుగెత్తి కాంస్యపతకమును పొందెను.

ఈ అంకెలను ఒకసారి పరికింపుడు. పారిస్ నగరమున మొదట వచ్చిన యుక్రెయిన్ యువతి కాలము 55.16 సెకనులు, రెండవదిగా వచ్చిన తుర్కియే యువతి కాలము 55.23 సెకనులు. మొదటి స్థానమునకును మూడవ స్థానమునకును నడుమ నున్నది ఒక సెకనులో మూడింట రెండు వంతులు. ఱెప్పలు రెండు మూడు మార్లు వాల్చునంతలో పతకముల రంగు మారుచున్నది. ఇంత సన్నని యంచుమీద నిలిచిన ఆటలో, నిన్నటి అలసట తీఱకుండుటయు, రక్తములో ఇనుము కొంచెము తగ్గుటయు అల్పవిషయములు కావు. శిక్షణకేంద్రములలో క్రీడాకారులకు వసతితోపాటు వేళకు కడుపునిండ భోజనము పెట్టుట దయాధర్మము కాదు. అదియు శిక్షణలో భాగమే. కూలి దొరికిన నాడు ఒక తీరున, దొరకని నాడు ఒక తీరున వంట జరుగు ఇండ్లలో కల్లెడవంటి గ్రామములందు ఎందఱు వేగవంతులు పుట్టియుందురో, వారిలో ఎందఱు గడియారమువఱకు రాకయే ఆగిపోవుదురో ఆలోచింపవలసిన విషయము.

మన ప్రాంతపు వారు పూర్వము ఏమి తినెడివారు? కాకతీయుల కాలమున పాకాల, రామప్ప మొదలగు గొప్ప చెఱువులు వెలసి, వాని క్రింద వరి పండినది. అయినను చెఱువునీరు అందని చెలకలే ఎక్కువ. ఆ చెలకలలో జొన్న, కంది, పెసర, ఉలవ, బబ్బెర పండెడివి. అందుచేత సామాన్యుని యింట జొన్నరొట్టె, గటక, అంబలి నిత్యాహారములు. వరియన్నము పండుగలకు, చుట్టము వచ్చిన దినములకు. తరువాత బోరుబావులు వచ్చినవి, కాలువలు వచ్చినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. ఆకలి తగ్గినది, అది గొప్ప మేలు. దానితోపాటు పళ్లెములో అన్నపుకుప్ప పెరిగి, పప్పు, కూర, రొట్టె ఒక మూలకు ఒదిగినవి. ఇది అంత మేలు కాదు.

తెల్లగా మరపట్టిన బియ్యమును గూర్చి శాస్త్రజ్ఞులు నూఱేండ్లకు పూర్వమే హెచ్చరించిరి. ఉత్తర సర్కారు జిల్లాలలో ఆ కాలమున బెరిబెరి అను వ్యాధి విస్తారముగా నుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె బలహీనమగు వ్యాధి అది. బియ్యపుగింజపై నుండు తవుడులో బి1 విటమిను కలదు. తవుడంతయు పోవునట్లు మరపట్టినచో ఆ విటమినును పోవును. ఈ వ్యాధిని పరిశోధించుటకై 1918లో సర్ రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు నీలగిరులలోని కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలను ఆరంభించెను. అతడు చేసిన ప్రయోగములలో ఒకటి మిక్కిలి ప్రసిద్ధము. భారతదేశపు వేర్వేరు ప్రాంతములవారి భోజనమును వేర్వేరు ఎలుకల గుంపులకు పెట్టి పెంచెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చికూరలు గల సిక్కుల భోజనము తినిన ఎలుకలు అన్నింటికంటె బలిష్ఠముగా పెరిగినవి. తెల్లని బియ్యమే ప్రధానమైన మదరాసు ప్రాంతపు భోజనము తినినవి అన్నింటికంటె చిన్నవైనవి. ఎలుకలన్నియు ఒకే జాతివి. కావున లోపము పుట్టుకలో లేదు, గిన్నెలో కలదు. కూనూరులోని ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. నేటికిని తార్నాకలో అది పనిచేయుచున్నది.

ఇది చదివి, వరిని విడిచి జొన్నను పట్టుకొనిన చాలునని తలంచువారికి ఒక సంగతి చెప్పవలసియున్నది. ఈ మధ్య చిరుధాన్యములను పొగడుట ఒక వాడుకయైనది. వాని గుణములు నిజమైనవే. జొన్నలో మాంసకృత్తులు, ఇనుము, పీచు తెల్లబియ్యమునందుకంటె ఎక్కువ. కాని తెలంగాణములో పూర్వము జొన్న ఒక్కటే తిని బ్రదుకు నిరుపేదలలో పెల్లాగ్రా అను వ్యాధి కనబడుచుండెను. ఎండ తగిలిన చర్మము నల్లబడి పొరలు లేచును; నీరసము కలుగును; ముదిరినచో మతి చలించును. నయాసిన్ అను బి విటమిను కొఱత దీనికి హేతువు. హైదరాబాదు పరిశోధకులు డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య దీనిని పరిశోధించి, జొన్నలో లూసిన్ అను పదార్థము అధికముగా నుండుట ఇందుకు తోడ్పడుచున్నదని 1960లో ప్రకటించిరి. జొన్నతోపాటు పప్పు, పాలు, ఆకుకూర, మాంసము తినువారికి ఈ వ్యాధి రాలేదు. వరితో బెరిబెరి, జొన్నతో పెల్లాగ్రా. ధాన్యము ఏదైనను ఒంటరిగా మనుష్యుని పోషింపజాలదు. రొట్టె మంచిదే, అన్నము మంచిదే, వాని ప్రక్కన ఏమున్నదో చూడవలయును.

ప్రక్కన ఉండవలసినవానిలో మొదటిది మాంసకృత్తులు గల పదార్థము. కండరములు సాధనలో అరిగి, విశ్రాంతిలో మరల కట్టుకొనును. ఆ కట్టుబడికి ఇటుకలు మాంసకృత్తులే. కందిపప్పు, పెసర్లు, బబ్బెర్లు, పల్లీలు, పాలు, పెరుగు, చెఱువుచేపలు, మాంసము, అన్నింటిలోను అవి కలవు. ఒక గ్రుడ్డులో సుమారు ఆఱు గ్రాములు, ఒక పిడికెడు పల్లీలలో దాదాపు అంతే లభించును. మాంసము తినక బలము రాదా అని అడుగుదురు. ఏనుగును ఎదపై నిలుపుకొనెనని పేరొందిన కోడి రామమూర్తినాయుడు శాకాహారియని ప్రసిద్ధి. ఇంతకు మించి ఈ వాదమును పెంచుట అనవసరము.

రెండవది ఇనుము. ఇచ్చట కొంత ఆగవలయును, ఏలనన మన బాలికల పరుగు ఆగిపోవుచున్నది ఇచ్చటనే. రక్తమునకు ఎఱుపుదనము నిచ్చు హిమోగ్లోబిను అను పదార్థమునకు ఇనుము మూలము. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును ఎత్తుకొని కండరములకు చేర్చు బండి హిమోగ్లోబినే. బండ్లు తగ్గినచో సరకు చేరదు. ఎంత గట్టిగా శ్వాసించినను ఆయాసము తీఱదు. పండ్రెండు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల బాలబాలికలలో నూఱు మిల్లీలీటర్ల రక్తమునకు పండ్రెండు గ్రాముల కంటె తక్కువ హిమోగ్లోబిను ఉన్నచో దానిని రక్తహీనత యందురు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల వఱకు గల స్త్రీలలో సగమునకు పైగా రక్తహీనులని తేలినది. వ్యాయామపు గంటలో రెండు చుట్లు పరుగెత్తి కూలబడిన బాలికను "సోమరి" యని నవ్వుట సులభము. ఆమె సోమరి కాకపోవచ్చును. ఆమె రక్తములో బండ్లు లేకపోవచ్చును.

మీ వయస్సున బాలురకు దినమునకు సుమారు 22 మిల్లిగ్రాముల ఇనుము కావలసియుండగా, బాలికలకు సుమారు 30 మిల్లిగ్రాములు కావలయును. నెలనెల రక్తస్రావమున కొంత ఇనుము పోవుటయే ఈ భేదమునకు ముఖ్యకారణము. అనగా ఎక్కువ కావలసినది బాలికకు. మఱి మన యిండ్లలో జరుగుచున్నదేమి? మగవారు ముందు తిందురు, పిల్లవాండ్రు తరువాత తిందురు, తల్లియు పెద్దకూతురును చిట్టచివర మిగిలినది తిందురు. చివరకు అన్నము మిగులును, పప్పు అడుగంటును. గ్రుడ్డు ఒక్కటే యున్నచో అది ఎవరి పళ్లెములోనికి పోవునో చెప్పనక్కఱలేదు. ఈ ఆచారమును ఏ శాస్త్రమును విధింపలేదు. అందఱును ఒక్క పంక్తిని కూర్చుండి తినిన చాలును, ఖర్చు లేకుండ సగము వైద్యము జరుగును.

తక్కిన సగము వంటయింటిలో కలదు. కోస్తావారు గోంగూర యని పిలుచు పుంటికూర, తోటకూర, మునగాకు, ఉలవలు, నువ్వులు, జొన్నలు, మాంసము, వీనిలో ఇనుము కలదు. శాకములలోని ఇనుము దేహమునకు సులభముగా పట్టదు. నిమ్మరసము, ఉసిరి, జామపండు మొదలగు సి విటమిను గల పదార్థములు తోడైనచో బాగుగా పట్టును. కావున పప్పులో నిమ్మకాయ పిండుట రుచికొఱకే కాదు. టీ దీనికి విరుద్ధము. అందలి టానిన్ అను పదార్థము ఇనుమును పట్టి బంధించును. అందుచేతనే జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములలో భోజనమునకు ముందును వెనుకను ఒక గంటసేపు టీ, కాఫీలు త్రాగవలదని చెప్పినది. తెల్లవారుజామున టీతో రెండు బిస్కట్లు తిని బడికి పరుగెత్తు అలవాటు ఎంత నష్టకరమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

రక్తము వృద్ధియగుటకు ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము కావలయును. దాని కథలో మన తెలుగువాడు ఒకడున్నాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దఱు స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. తినినది ఒంటబట్టక, రక్తము క్షీణించి చంపు వ్యాధి అది. సుబ్బారావు వైద్యవిద్య నభ్యసించి అమెరికాకు పోయెను. అతని నాయకత్వమున పనిచేసిన లెడర్లీ పరిశోధనశాల శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. స్ప్రూ వ్యాధికి అది దివ్యౌషధమైనది. పాఠశాలలలో వారమునకొకసారి ఇచ్చు నీలిరంగు మాత్రలో ఇనుముతో కూడియున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. ఆ మాత్ర మింగినచో కొందఱకు కడుపులో త్రిప్పును. ఖాళీకడుపున మింగక, భోజనము చేసిన పిదప మింగినచో ఆ బాధ తగ్గును. కిటికీలోనుండి బయట పాఱవేయు మాత్రలు ఏ తరగతిగది వెనుకనైనను కొన్ని కనబడుచుండును. అవి ఏమి చేసి ఇచ్చటికి వచ్చినవో తెలిసినవారు వానిని పాఱవేయజాలరు.

ఎముకలను గూర్చి క్లుప్తముగా చెప్పెదము. ఎముకలో కాల్షియము కూడుట యౌవనములోనే ఎక్కువ. తరువాత ఆ నిధికి చేర్చుట కష్టము, వ్యయము చేయుట మాత్రము జరుగుచుండును. పాలు, పెరుగు, చల్ల, ఎండుచేపలు, రాగులు కాల్షియమునకు ఆధారములు. నూఱు గ్రాముల రాగులలో మున్నూటయేబది మిల్లిగ్రాముల మేర కాల్షియము ఉండగా, తెల్లబియ్యములో పదికి మించి యుండదు. ఆ కాల్షియము ఎముకకు చేరుటకు డి విటమిను కావలయును. అది ఎండలో చర్మమునందే పుట్టును. ఆరుబయట ఆడుకొనువానికి అది ఉచితముగా లభించును.

ఓరుగల్లు ఎండ ఇచ్చుటయే కాక తీసికొనును గూడ. వేసవిలో ఇచ్చట ఉష్ణము నలుబది డిగ్రీలు దాటుట సామాన్యము. చెమట రూపమున దేహపు బరువులో నూటికి రెండు వంతులు పోయినచో పరుగు మందగించును. నలుబది కిలోల బాలునికి అది ఎనిమిది వందల గ్రాములు, అనగా ఒక చెంబెడు నీరు. చెమటతో ఉప్పును పోవును. దప్పిక అయిన పిదప త్రాగుట ఆలస్యముగా త్రాగుటయే. మన పెద్దలు వేసవిలో పొలమునకు పోవుచు ఉప్పువేసిన అంబలియు చల్లయు కుండలో తీసికొనిపోయెడివారు. నీరు, ఉప్పు, కొంత పిండిపదార్థము, మూడును అందులో కలవు. నేడు రంగుసీసాలలో ఎక్కువ వెలకు అమ్ము క్రీడాపానీయములలో ముఖ్యముగా ఉండునవియు ఈ మూడే.

శీతలపానీయముల కథ వేఱు. వానిలో చక్కెర తప్ప చెప్పుకొనదగిన పోషకము లేదు. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ విజేతయైనప్పుడు ఒక శీతలపానీయ సంస్థ తన ప్రకటనలలో కనబడుమని పెద్దమొత్తము ఇవ్వజూపెను. తాను త్రాగనిదానిని, ఆరోగ్యమునకు మంచిది కానిదానిని పిల్లలను త్రాగుమని చెప్పజాలనని అతడు నిరాకరించెను. అప్పటికి అతడు ధనవంతుడు కాడు. తరువాత శిక్షకుడై 2016 రియో ఒలింపిక్ క్రీడలకు పి.వి. సింధును సిద్ధపఱచునప్పుడు ఆమెకు ఇష్టమైన తీయపెరుగును, ఐస్‌క్రీమును మాన్పించెను. ఆమె రజతపతకమును గెలిచిన పిదప, ఇక ఐస్‌క్రీము తినవచ్చునని నవ్వుచు చెప్పెను. ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. ఐస్‌క్రీము విషము కాదు. సకినాలు, గారెలు, బెల్లపు పరమాన్నము పండుగకు తినకుండ ఎవరుందురు? పండుగ వారమునకు ఏడు దినములు వచ్చినప్పుడే చిక్కు. ఐదు రూపాయల పొట్లములో దొరకు వేపుడు చిప్సు అన్నము వేళకు ఆకలిని చంపి, ఉప్పును నూనెను మాత్రము ఇచ్చిపోవుచున్నవి. దినమునకు ఐదు గ్రాముల ఉప్పు మించరాదని వైద్యుల మాట.

వ్యాయామశాలలలో డబ్బాలతో అమ్ము మాంసకృత్తుల పొడులను గూర్చి పెద్దపిల్లలు అడుగుచుందురు. జాతీయ పోషకాహార సంస్థ 2024 సూత్రములలో కండలకొఱకు ఇట్టి పొడులను వాడవలదని స్పష్టముగా చెప్పినది. ఒక్క డబ్బా వెలతో ఒక యింటికి నెలకు సరిపడు పప్పు, గ్రుడ్లు, పల్లీలు వచ్చును.

పిల్లలకు బడిలో పెట్టు మధ్యాహ్న భోజనమును కొందఱు చిన్నచూపు చూతురు. ఆఱు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలకు ఆ భోజనములో 150 గ్రాముల ధాన్యము, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు ఉండవలయునని, 700 కెలోరీల శక్తియు 20 గ్రాముల మాంసకృత్తులును లభింపవలయునని నియమము. వండినవారు నియమము ప్రకారము వండి, తినినవారు కూరను ప్రక్కకు నెట్టక తినినచో, ఎదుగు దేహమునకు దినములో కావలసిన మాంసకృత్తులలో దాదాపు సగము ఆ ఒక్క పూటలోనే వచ్చును. కరివేపాకుతోపాటు కూరగాయ ముక్కలను గూడ ఏఱి పాఱవేయువారు ఈ లెక్కను ఒకసారి వేసికొనవలయును.

ఇక జిల్లా పోటీల దినము. పల్లెలనుండి హనుమకొండకు రావలసిన జట్లు తెల్లవారకముందే బస్సెక్కును. ఆ వేళకు ఇంట వంట కాదు. పిల్లలు ఒక టీ త్రాగి బయలుదేరుదురు; క్రీడాప్రాంగణము చేరి పేర్లు వ్రాయించుకొని ఎండలో నిరీక్షింతురు; పది గంటలకు పిలుపు వచ్చునప్పటికి రాత్రి తినిన అన్నము తప్ప కడుపులో ఏమియు ఉండదు. రాత్రి నిద్రలోనే కాలేయపు నిలువ చాలవఱకు ఖర్చయిపోవును. వారు ఓడినచో సాధన చాలలేదని అందఱు అందురు. అనుభవముగల వ్యాయామోపాధ్యాయులు ముందునాటి రాత్రియే ఒక యింట పులిహోర కలిపించి, గ్రుడ్లు ఉడికించి, అరటిపండ్ల గెల ఒకటి, నీళ్లక్యాను ఒకటి బస్సులో వేయింతురు. పులిహోరలో నూనెయు కారమును తక్కువగా నుండవలయును. పరుగు పది గంటలకైనచో ఆ డబ్బా మూత ఏడు గంటలకే, బస్సులోనే తెఱువవలయును. గ్రుడ్డు అప్పుడే తినవలయును. అరటిపండును మాత్రము తొమ్మిది గంటలవఱకు దాచుకొనవచ్చును.